బోడగుట్ట మీద నారేప

2016 ఎండాకాలం. మహబూబ్‌నగర్‌లో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఒక మేడ మీద మా ఆఫీసు ఉండేది. కింద టైర్ల దుకాణం. పగలంతా గాలి కొట్టే మిషన్ చప్పుడు మెట్లెక్కి మా గదుల్లోకి వచ్చేది. నేను చేసేది జీఐఎస్ పని. వానలు, నేలలు, వాలు, ఎత్తు లాంటి సమాచారాన్ని కంప్యూటర్‌లో పొరలు పొరలుగా పేర్చి పటాలు తయారు చేయడమన్నమాట. "మ్యాపులు గీస్తాను" అని ఎక్కడైనా చెబితే చాలు, ఎవరో ఒకరు పాసుబుక్కు పట్టుకొచ్చి "సార్, మా హద్దు జర చూసి చెప్పుండ్రి" అనేవారు. చెట్లకు కూడా మ్యాపులు గీస్తారంటే మా ఇంట్లోవాళ్లే నమ్మేవారు కాదు.

ఆ ఏడాది మాకు వచ్చిన పని అలాంటిదే. దక్షిణ తెలంగాణ గుట్టల మీద ఇక్కడి చెట్లనే తిరిగి పెంచాలనుకున్న ఒక సంస్థ నారేపను ఎంచుకుంది. ఆ చెట్టు ఎక్కడెక్కడ పెరగగలదో ముందుగా చెప్పమని మమ్మల్ని అడిగింది.

నారేప రాళ్ల నేలల చెట్టు. ఆకు రెండు చీలికలుగా, అచ్చం మేక గిట్టలా ఉంటుంది. వెనకట దాని పట్ట నుంచి నార తీసి మోకులు పేనేవారు. చేవ గట్టిది, గొడ్డలికి ఒక పట్టాన లొంగదు. ఆకు గొర్లకు, మేకలకు మంచి మేత. ఇన్ని ఉపయోగాలున్న చెట్టుకు మనిషి పక్కన బతకడం కష్టమే. మేము చూసేనాటికి అది అడవుల్లో గుంపులుగా, గుట్టల మీద అక్కడొకటి ఇక్కడొకటిగా మిగిలింది.

చెట్టు పెరిగే చోటును ముందుగా అంచనా వేయడాన్ని స్పీషీస్ డిస్ట్రిబ్యూషన్ మోడల్ అంటారు. పేరు పెద్దదే గానీ సంగతి సులువు. ఆ చెట్టు ఇప్పుడున్న చోట్లను కంప్యూటర్‌కు ఇస్తాం. అక్కడ వాన ఎంత, ఎండ ఎంత, నేల ఎలాంటిది, వాలు ఎంత అని అది చూసుకుంటుంది. అటువంటి పరిస్థితులే ఇంకెక్కడున్నాయో వెతికి రంగు వేస్తుంది. పెరిగే అవకాశం ఎక్కువున్న చోట ఎరుపు, లేని చోట నీలం.

ఈ పనికి నాతో కలిసిన వృక్షశాస్త్రవేత్త సరళ మేడం. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సొంతూరు షాద్‌నగర్ దగ్గర పల్లె. పొట్టి మనిషి, నూలు చీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు, చేతిలో నల్ల గొడుగు. క్లాసులో వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు అలాగే ఉండిపోయింది. ఫోన్‌లో మాట్లాడితే కింది టైర్ల దుకాణంవాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

పాత రికార్డుల్లో నారేప ఉన్నట్టు రాసిన చోట్లన్నీ పోగుచేసి మొదటి మ్యాప్ తయారు చేశాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. మేడం కళ్లద్దాలు పైకి జరిపి, తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశారు.

"రవీందర్, నారేపకు రోడ్డంటే గింత ఇష్టమా?"

నాకు అర్థం కాలేదు. ఆమె వేలు పెట్టి చూపించారు. ఎర్ర మచ్చలన్నీ రోడ్ల వెంబడే పడ్డాయి.

"చెట్టు రోడ్డు పక్కన పెరుగలేదయ్యా. చూసినోళ్లు జీపు దిగలేదు. జీపు పోయిన కాడ చెట్టున్నదని రాసిన్రు. మీ కంప్యూటర్ దాన్నే నిజమనుకున్నది."

"మరి ఏం చేద్దాం మేడం?"

"నడుద్దాం."

ఆ ఎండాకాలమంతా నడిచాం. అచ్చంపేట వైపు అడవుల నుంచి దేవరకొండ వైపు గుట్టల దాకా, తెల్లవారగానే బయల్దేరి ఎండ ముదిరే దాకా తిరిగేవాళ్లం. చెట్టు కనిపిస్తే నేను జీపీఎస్‌లో ఆ చోటు నమోదు చేసేవాణ్ని. మేడం ముందు మాను మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు, ఆ తర్వాతే టేపు తీసేవారు. చెట్టు కనిపించని గుట్టలను కూడా అంతే శ్రద్ధగా రాయించేవారు. "లేదని తెలుసుడు కూడా తెలివే" అనేవారు. ఆ వయసులో ఆ రాళ్లు ఎక్కుతూ ఒక్కసారి కూడా "ఇది వదిలేద్దాం" అనలేదు. పనిని అంతగా గౌరవించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. చెప్పులు తెగి నేను సణుగుతుంటే గొడుగు నా చేతికిచ్చి తను ముందు నడిచేవారు.

రెండో మ్యాప్ వేరేగా వచ్చింది. రోడ్ల మీది ఎరుపు పోయింది. దేవరకొండ దిక్కున వరసగా ఉన్న కొన్ని గుట్టల మీద చిక్కటి ఎరుపు పడింది. మేము నడిచిన చోట్ల ఆ వరస లేదు. వెళ్లి చూశాం. గుట్టలన్నీ బోడిగా ఉన్నాయి. నారేప సంగతి అటుంచి, నీడకు నిలబడదామంటే చెట్టు లేదు.

అక్కడే మల్లయ్య, యాదమ్మ పరిచయమయ్యారు. కుర్మ దంపతులు. వాళ్ల గొర్లు ఆ గుట్ట మీదనే మేసేవి. మా చేతిలో జీపీఎస్ చూడగానే మల్లయ్య భుజం మీది కర్ర దించి అడ్డంగా పట్టుకున్నాడు.

"ఏం సర్వే సార్? గుట్టను క్వారీకి గిన ఇస్తున్రా?"

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. చుట్టుపక్కల గుట్టలు కొన్ని అప్పటికే సగానికి కోసేసి ఉన్నాయి.

"క్వారీ లేదు, ఏం లేదన్నా," అన్నారు మేడం. "చెట్టు కోసం వచ్చినం." సంచిలోంచి ఆకు తీసి చూపించారు.

మల్లయ్య ఆకును అటూ ఇటూ తిప్పాడు. "మేక గిట్ట లెక్కున్నది. గీ చెట్టు నేనైతే ఈడ చూడలే. మా నాయిన కూడా చెప్పలే."

"ఈడ లేదు. ఉండొచ్చని మ్యాప్ చెప్తాంది."

యాదమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "లేని చెట్టును ఉండొచ్చని చెప్పెటందుకు ఇంత దూరమొచ్చిన్రా అమ్మా?"

మేడం కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే మాట కలిసింది. ఆమె, యాదమ్మ ఒక బండ మీద కూర్చుని ఎండెక్కే దాకా మాట్లాడుకున్నారు. సంస్థ కోరేది గుట్టను మేతకు మూసి విత్తనం చల్లాలని. యాదమ్మ అందుకు ఒప్పుకోలేదు. సగం గుట్ట ఇస్తామంది. మూసిన సగంలో గడ్డి కోసుకునే హక్కు తమదేనంది. చెట్లు మేకలకు అందనంత ఎత్తు పెరిగాక ఆకు కొమ్మ కొట్టుకునే హక్కూ తమదేనంది. మల్లయ్య పక్కన నిలబడి తలూపుతున్నాడు. మేడం ఆ షరతులన్నీ సంస్థ చేత ఒప్పించి పంచాయతీ తీర్మానంలో రాయించారు.

నారేపకు సంచుల్లో పెంచి నాటే పద్ధతి పనికిరాదు. తల్లివేరు మొదటి నుంచే లోతుకు దిగుతుంది, మార్చి నాటితే దెబ్బతింటుంది. అందుకని విత్తనం ఏరి తెచ్చి, తొలకరి పడగానే నేరుగా గుట్ట మీదే పెట్టాం. యాదమ్మ ఊరి ఆడవాళ్లను తోలుకొచ్చింది. వానలో తడుస్తూ, రాళ్ల సందుల్లో మట్టి ఉన్న చోటల్లా గుంత తీసి గింజ వేశారు. కొద్ది రోజులకే మొలకలొచ్చాయి. మల్లయ్య ఫోన్ చేసి "సార్, గిట్టలు మొలిసినయ్" అని చెప్పాడు. ఆ రోజు మేడం ఆఫీసులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు.

తర్వాతి ఏడాది వానలు మొహం చాటేశాయి. చలికాలం పోయేసరికి మొలకలు ఎండడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి గుట్ట మీద మిగిలినవి బెత్తెడు పొడుగు పుల్లలు. మేత లేక మల్లయ్య మందను తోలుకుని కృష్ణా నది దిక్కుకు వలస పోయాడు. యాదమ్మ ఇంటి దగ్గర ఒక్కతే ఉండి మాటలు పడింది. "గుట్టను కట్టేసి పుల్లలకు కాపలా కాస్తున్నవా?" అని తోటి గొర్లకాపరులే అడిగేవారట. కరువులో సగం గుట్ట మూసి ఉండడం చిన్న సంగతి కాదు. పక్క మందల్లో గొర్లు బక్కచిక్కి పోయాయి.

అదే సమయంలో ఒక అధికారి ఊరికి వచ్చి ఇంకో దారి చూపించాడు. ఎండిన పుల్లల్ని వదిలేసి, మిషన్‌తో గుంతలు తీయించి, తొందరగా పెరిగే మొక్కలు తెచ్చి పెడదామన్నాడు. ఊరికి కూలి పని కూడా దొరుకుతుంది. ఆయన ఆలోచన చెడ్డదేమీ కాదు. కానీ ఆ మిషన్ ఒక్కసారి గుట్ట మీద తిరిగితే, మట్టిలో నారేప ఏమైనా మిగిలుంటే అదీ పోతుంది.

పంచాయతీ ఆఫీసు వరండాలో సమావేశం పెట్టారు. మల్లయ్య మందను అన్న కొడుకుకు అప్పజెప్పి బస్సులో వచ్చాడు. మేము మహబూబ్‌నగర్ నుంచి పోయాం. నేను ల్యాప్‌టాప్ తీసి మ్యాప్ చూపించాను. ఎవరూ దానికేసి చూడలేదు. నిజం చెప్పాలంటే, కడుపు ఎండిన గొర్ల ముందు ఎర్ర రంగు ఎవరికి కావాలి?

వెనక నుంచి ఒక పెద్దమనిషి లేచాడు. "మేడం, ఒక్క మాట అడుగుత. గీ పుల్లలు బతుకుతయని రాసిస్తవా?"

వరండా అంతా మేడం వైపు తిరిగింది. అక్కడ "రాసిస్తాను" అనడం చాలా సులువు. పనులు నిలబెట్టుకోవడానికి అలా అనేవాళ్లను చాలామందిని చూశాను.

"రాసియ్యను," అన్నారు మేడం. "నాకు తెల్వదు. గీ చెట్టు గుణమేందంటే, చిన్నప్పుడు పైన ఎండుతది, కింద వేరు దిగుతది. పైన సచ్చినట్టే కనపడతది. కానీ ఇక్కడ నిజంగానే సచ్చిందా, బతికిందా, పైనుంచి చూసి చెప్పుడు నా తోని కాదు. తవ్వి చూస్తే తెలుస్తది."

"తవ్వితే ఏం కనపడుతది?"

"వేరు తెల్లగ, పచ్చిగ ఉంటే ఆగుదాం. ఎండిపోయి ఉంటే గుట్ట మీకే. నేనే తీర్మానం చింపుత."

 మా పనంతా ఒక్క పుల్ల మీద పెట్టేశారు. పక్కకు వంగి, "కొంచెం పచ్చగా ఉన్నది చూసి నేను చూపిస్తాను మేడం" అని గుసగుసగా అన్నాను. ఆమె యాదమ్మ వైపు తిరిగారు.

"యాదమ్మా, నువ్వే ఏరుకో. అన్నిట్ల కంటే పాడుగున్నది ఏరు."

ఊరు ఊరంతా గుట్ట ఎక్కింది. యాదమ్మ నింపాదిగా తిరిగి, ఒక బండ పక్కన గోధుమరంగు పుల్ల ముందు ఆగింది. గిల్లితే పెళుసుగా విరిగింది. దాన్నే చూపించింది. మల్లయ్య గడ్డపార అందుకుని పక్కన ఒక జానెడు దూరంలో మొదలుపెట్టాడు. మొరం నేల, దెబ్బ దెబ్బకూ నిప్పురవ్వలు. తను పారతో వదులు చేసి, చేత్తో మట్టి తీసి, మళ్లీ పార వేసేవాడు. మోకాలి లోతుకు పోయేసరికి పుల్ల కింద వేరు కనిపించింది. బూడిదరంగులో పొడిగా ఉంది.

వెనక ఎవరో "అయిపోయె" అన్నారు.

మేడం గుంత అంచున మోకాళ్ల మీద కూర్చున్నారు. చీర అంచు మట్టిలో పడింది. "ఇంకింత తవ్వు మల్లన్నా" అన్నారు. ఆమె గొంతు తగ్గడం అప్పుడే మొదటిసారి విన్నాను.

మల్లయ్య తవ్వుతూ పోయాడు. నడుము లోతు దగ్గర రాయి తగిలింది. ఆ రాయిలో వేలు పట్టేంత చీలిక. వేరు ఆ చీలికలోకి దూరి కిందికి పోతోంది. మల్లయ్య గోటితో దాని మీది పొర గీకాడు. లోపల తెల్లగా ఉంది. వేలికి తడి అంటింది. అతను ఆ వేలిని పైకెత్తి భార్యకు చూపించాడు.

"పచ్చిగున్నదే."

యాదమ్మ గుంతలోకి వంగి తనే వేలు పెట్టి చూసింది. ప్రశ్న అడిగిన పెద్దమనిషి కూడా చూశాడు. ఆయన ఇంకా తవ్వమన్నాడు, ఎంత లోతుందో తేల్చుదామని. మల్లయ్య గడ్డపార బయటికి విసిరేశాడు.

"ఇగ చాలు. ఇంకా తవ్వితే మనమే సంపినట్టయితది." బయటికి వచ్చి, తీసిన మట్టి తీసినట్టే పూడ్చి, తన సీసాలో మిగిలిన నీళ్లు దాని మీద పోశాడు. తాగడానికి తెచ్చుకున్నవి అవే.

ఆ సాయంత్రం ఊరు ఒక వానాకాలం ఆగుదామని ఒప్పుకుంది. మల్లయ్య మర్నాడు బస్సెక్కి మంద దగ్గరికి పోయాడు. తోటి కాపరులు మూసిన సగంలోని గడ్డిని యాదమ్మతో సమంగా కోసుకునేలా మాట కుదిరింది. ఆ షరతు పెట్టింది యాదమ్మే. తన హక్కును తనే పంచింది.

వానలు ఆ ఏడాది సరిగానే పడ్డాయి. గుట్ట పడమటి సగంలో పుల్లల మొదళ్ల నుంచి ఎర్రటి లేత చిగుళ్లు వచ్చాయి. తూర్పు అంచున ఒక్కటీ రాలేదు. మ్యాప్ రెండు దిక్కులా ఒకే ఎరుపు చూపింది. ఎందుకిలా అని మేడం అక్కడా తవ్వించి చూశారు. పడమట రాయి పగుళ్లిచ్చి ఉంది. తూర్పున మట్టి కింద పగులే లేని ఒకే బండ. మా నేలల పొరలో ఒక గడి అంటే గుట్ట అంతా కలిపి ఒక్క చుక్క. దాని కింద బండ పగిలిందో లేదో ఆ చుక్కకు తెలియదు.

సంస్థవాళ్లు నివేదికలో పడమటి ఫొటోలు చాలన్నారు. మేడం తూర్పు ఫొటోలు కూడా పెట్టారు, వాటినే ముందు పెట్టారు. "పని ఎక్కడ తప్పిందో చెప్పకుంటే, మన తర్వాతోడు అదే బండ మీద మళ్ల గింజ పెడతడు" అన్నారు. ఆ నివేదిక చదివిన తర్వాతే నేను మిగతా గుట్టల మ్యాప్‌లో రాయి పగుళ్ల సమాచారం చేర్చడం మొదలుపెట్టాను. ఎరుపు చాలా తగ్గింది, కానీ మిగిలిన చోట్ల గింజలు బాగా నిలిచాయి.

నారేప నిదానంగా పెరిగే చెట్టు. కొన్నేళ్ల దాకా నేల మీద పాకినట్టే ఉండి, వేరు కుదిరాక లేస్తుంది. పోయిన ఏడాది నేను ఆ ఊరు వెళ్లినప్పుడు పడమటి వాలు మీద చాలా మొక్కలు మల్లయ్య తల దాటి ఉన్నాయి. కొమ్మలు కిందికి వాలి, గాలికి జంట ఆకులు ఆడుతున్నాయి. మంద ఆ నీడన పడుకుని ఉంది. మోకాళ్లు సహకరించక మేడం రాలేకపోయారు. ఫోన్‌లో వీడియో కలిపి చూపించాను. ఆమె అడిగిన మొదటి మాట "తూర్పు దిక్కు చూపియ్యి, అక్కడేమన్న వచ్చిందా?" రాలేదని చెప్పాను. గడ్డి మాత్రం బాగుందన్నాను. "సరే, గడ్డి కూడా మొక్కే గదా" అన్నారు.

ఆ రోజు గుట్ట దిగుతూ యాదమ్మను ఒక మాట అడిగాను. అంత కరువులో, ఊరంతా దెప్పుతుంటే, మా మాట మీద గుట్టను ఎందుకు మూసే ఉంచిందని.

యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "గా మేడం బతుకుతదని చెప్పి ఉంటే నేను గుట్ట మూసి ఉంచకపోతుంటి సార్. గుట్టకు మస్తుమంది వచ్చిన్రు. అన్నీ తెలిసినోళ్లు ఒక్కపారి చెప్పి పోతరు, మళ్ల రారు. గామె తెల్వదన్నది. తెల్వనోళ్లు మళ్ల మళ్ల వచ్చి చూస్తరు."

నా వృత్తి ముందుగా చెప్పే వృత్తి. ఏ చెట్టు ఎక్కడ పెరుగుతుందో రంగుల్లో చెప్పి ఇవ్వడానికే నాకు జీతం. ఆ పనిలో తెలియనిదాన్ని తెలియదని చెప్పడం బలహీనత కాదని, అందరి ముందూ తవ్వి చూడగలిగే ధైర్యమని నేను నేర్చుకున్నది సరళ మేడం దగ్గర, ఆ గుంత అంచున. ఇప్పుడు నేనిచ్చే ప్రతి మ్యాప్‌లో మాకు తెలియని చోట్లను బూడిదరంగులో వదిలేస్తాను. తీసుకునేవాళ్లకు అది నచ్చదు, రంగు వేసి ఇమ్మంటారు. వేయను. మ్యాప్ ఇచ్చిన మరుసటి వానాకాలం ఆ ఊరికి మళ్లీ పోతాను, ఏం మొలిచిందో, ఏం మొలవలేదో చూసి వస్తాను.